పప్పు ఉడకని నీళ్లలో పచ్చగా పెరిగే మొక్క: వాలిస్నేరియా పెంచడం ఎలా?

అక్వేరియంలో ఏ మొక్కా బతకడం లేదని ఎవరైనా అంటే నేను ముందు లైటు సంగతి అడగను. మీ ఇంట్లో బోరు నీళ్లతో కందిపప్పు ఉడుకుతుందా అని అడుగుతాను. ఉడకదు, గీజర్ కాయిల్‌కి తెల్లగా సున్నం పడుతుంది, సబ్బు నురగ రాదు అన్నారంటే సగం జవాబు దొరికినట్టే. హైదరాబాద్‌లో, రాయలసీమలో, ఇంకా చాలా ఊళ్లలో బోరు నీళ్ల తీరు ఇదే. షాపుల్లో అందంగా కనిపించే ఎర్ర ఆకుల మొక్కల్లో చాలావాటికి ఈ నీళ్లు పడవు. అవి సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లలో పుట్టినవి. వాటికోసం ఆర్వో నీళ్లు మోసి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ బిగించి, రెండేళ్లు నానా తంటాలూ పడ్డాను. చివరికి మిగిలింది ఖాళీ సిలిండర్.

ఆ తర్వాత నీళ్లను మార్చే ప్రయత్నం మానేసి, ఉన్న నీళ్లకు సరిపోయే మొక్క కోసం వెతికాను. అలా దొరికిందే వాలిస్నేరియా. షాపుల్లో ముద్దుగా వాల్ అంటారు. పొడవాటి రిబ్బన్లలాంటి ఆకులు అడుగునుంచి పైదాకా లేచి, నీటి కదలికకు మెల్లగా ఊగుతుంటాయి. గోదావరి జిల్లాల పంట కాలువల పక్కన పెరిగినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. రేవులో దిగితే కాళ్లకు చుట్టుకునే ఆ పొడవాటి నాచు ఇదే. మనవాళ్లకు నీళ్లలో పెరిగేదంతా నాచే కాబట్టి దీనికి వేరే పేరు పెట్టి పిలవడం నేనైతే వినలేదు. శాస్త్రీయనామం వాలిస్నేరియా స్పైరాలిస్. 1661 నుంచి 1730 వరకు జీవించిన ఆంటోనియో వాలిస్నేరి అనే ఇటలీ వైద్యుడి పేరు మీద వచ్చింది.

ఇది మన నీళ్లలో ఎందుకు బతుకుతుందో ముందు తెలుసుకుంటే తర్వాత చెప్పే పనులన్నీ సులువుగా అర్థమవుతాయి. ఏ మొక్కకైనా తిండి తయారుచేసుకోవడానికి కార్బన్ కావాలి. నేలమీద మొక్కలు గాలిలోంచి తీసుకుంటాయి. నీటి మొక్కలు నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ మీద ఆధారపడతాయి. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 8 దగ్గర ఉండే మన బోరు నీళ్లలో ఆ వాయువు ఉండేది చాలా తక్కువ, కార్బన్ దాదాపు అంతా బైకార్బనేట్ రూపంలో ఉంటుంది. చాలా మొక్కలకు దాన్ని వాడుకోవడం చేతకాదు, అందుకే పస్తులుంటాయి. వాలిస్నేరియాకు చేతనవుతుంది. నీళ్లు మరిగించినప్పుడు గిన్నెలో ఏం జరుగుతుందో ఆకు మీదా దాదాపు అదే జరుగుతుంది. బైకార్బనేట్ విడిపోయి, కార్బన్ మొక్కకు పోతుంది, సున్నం ఆకుమీద తెల్లటి పొరలా మిగులుతుంది. కొన్ని నెలలు గడిచాక ముదురు ఆకులు పట్టుకుంటే గరుగ్గా తగలడానికి కారణం ఇదే. అలాంటి ఆకు ఒకటి తుంచి, బయట పెట్టి వెనిగర్ చుక్క వేసి చూడండి, సన్నగా బుడగలు వస్తాయి. దాన్ని జబ్బు అనుకుని రుద్ది కడగకండి.

కొనేటప్పుడు

వాల్ పేరుతో షాపుల్లో నాలుగైదు రకాలు దొరుకుతాయి. రెండడుగుల ట్యాంకుకు మామూలు స్పైరాలిస్ గానీ, సన్నటి ఆకుల నానా గానీ చాలు. ఆకులు స్క్రూలా మెలి తిరిగి ఉండేవాటిని కార్క్‌స్క్రూ వాల్ అంటారు, చూడముచ్చటగా ఉంటాయి, కొంచెం నెమ్మదిగా పెరుగుతాయి. జంగిల్ వాల్ లేదా జైగాంటియా అని ఇస్తే మాత్రం ఆలోచించండి. దాని ఆకులు మీటరు దాటి పోతాయి. చిన్న ట్యాంకులో పైకొచ్చి నీటిమీద చాపలా పరుచుకుని కిందికి వెలుగు రానివ్వవు.

సజిటేరియా అనే ఇంకో మొక్కను కూడా వాల్ అని అమ్మేస్తుంటారు. చూడ్డానికి కవలల్లా ఉంటాయి. ఆకు కొసను వేళ్ల మధ్య పట్టుకుని అంచు వెంట మెల్లగా రాయండి. వాలిస్నేరియా అయితే అంచుకు సన్నటి పళ్లు తగులుతాయి, సజిటేరియా అంచు నున్నగా ఉంటుంది. సజిటేరియా కూడా చెడ్డ మొక్కేమీ కాదు, కొనేది ఏమిటో తెలిసి కొనాలి, అంతే.

మనదేశంలో అక్వేరియం మొక్కల వ్యాపారానికి పెద్ద దిక్కు కోల్‌కతా. అక్కడి గాలిఫ్ స్ట్రీట్ ఆదివారం సంతలో ఈ మొక్కలు కట్టలుగా అమ్ముతారు. చెన్నైలో కొళత్తూరు చేపలకూ మొక్కలకూ పేరుపడ్డ చోటు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చే కట్ట మీ ఊరి షాపుకు చేరేసరికి నాలుగైదు రోజుల ప్రయాణంలో నలిగి ఉంటుంది. కాబట్టి ఆకులు ఎంత పొడవున్నాయని చూడకండి. వేళ్లు తెల్లగా ఉన్నాయా, ఆకులన్నీ కలిసే మొదలు గట్టిగా ఉందా అని చూడండి. ఆ మొదలును ఇక్కడ మొవ్వు అంటాను. మొవ్వు మెత్తబడి వాసన వస్తుంటే ఆకులు ఎంత పచ్చగా ఉన్నా తీసుకోవద్దు. పది మొక్కలు ఉంటే మొదలుపెట్టడానికి బాగుంటుంది. నాలుగే దొరికినా ఫర్వాలేదు, ఆరు నెలల్లో అవే నలభై అవుతాయి.

కాలువలోంచి ఊరికే తెచ్చుకోవచ్చు కదా అంటారు. తెచ్చుకోవచ్చు, కానీ దాంతోపాటు చేప పేను, జలగలు, తూనీగ పిల్లలు కూడా వస్తాయి. తూనీగ పిల్ల ఒక్కటుంటే చాలు, గప్పీ చేపల పిల్లల్ని ఒకటొకటిగా తినేస్తుంది. పొలాల నుంచి దిగిన పురుగుమందు ఉంటే చూసి పోల్చుకోవడానికి వీల్లేదు. కొల్లేరు జోలికి మాత్రం అసలు పోకండి. అది 1999 నుంచి అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అక్కడ మొక్క పీకకూడదు.

ట్యాంకులో వేసేముందు

షాపు మొక్క అయినా కాలువ మొక్క అయినా నేరుగా ట్యాంకులో వేయకండి. కట్టకు చుట్టిన సీసపు పట్టీ, రబ్బరు బ్యాండు తీసేయండి. కుండీలో ఉంటే వేళ్ల చుట్టూ ఉన్న దూదిలాంటి పదార్థాన్ని ఓపిగ్గా విడదీయండి. తర్వాత బకెట్ నీళ్లలో పొటాషియం పర్మాంగనేట్ పలుకులు రెండు మూడు వేసి, నీళ్లు లేత గులాబీ రంగుకు రాగానే ఆపి, మొక్కల్ని పది నిమిషాలు ముంచండి. రంగు ముదిరితే మొక్క మాడుతుంది. నత్తల భయం ఎక్కువగా ఉంటే నాలుగు లీటర్ల నీటికి ఒక టేబుల్ స్పూన్ పటిక పొడి కలిపి రెండు మూడు గంటలు ఉంచడం ఇంకో పద్ధతి. ఏది చేసినా ఆఖరున మంచినీళ్లలో రెండుసార్లు జాడించాలి. నత్త గుడ్లు అన్నీ పోతాయని హామీ ఇవ్వలేను, జిగురు ముద్దల్లా ఆకు వెనక అంటుకుని ఉంటాయి, గోరుతో గీకేయండి. బ్లీచింగ్ నీళ్లలో ముంచమని చెప్పేవాళ్లు ఉన్నారు. ఈ మొక్క విషయంలో వాళ్ల మాట వినకండి, వాల్ ఆకు పలచన, తట్టుకోదు.

ఇసుక

వాలిస్నేరియా తిండిలో పెద్దభాగం వేళ్లతోనే లాక్కుంటుంది. అందుకని అడుగు ముఖ్యం. షాపుల్లో అమ్మే నీలం, గులాబీ రంగురాళ్లలో ఇది నిలబడదు, వేరు పట్టుకోవడానికి వాటి మధ్య ఏమీ ఉండదు. నాకు బాగా పనిచేసింది ఇళ్లు కట్టేచోట దొరికే నది ఇసుకే. మెత్తటి దుమ్మంతా పోయేలా జల్లెడ పట్టి, ఆవగింజ నుంచి మిరియం మధ్య సైజులో ఉండే పలుకులు ఉంచుకోండి. బకెట్లో పోసి, నీళ్లు వదిలి, చేత్తో కలిపి పారబోస్తూ తేటనీళ్లు వచ్చేదాకా కడగాలి. పది పదిహేను సార్లు పడుతుంది, నడుం నొప్పి పుడుతుంది. ఈ పని దొంగతనంగా తగ్గిస్తే ట్యాంకు వారంపాటు మజ్జిగలా ఉంటుంది. రోబో శాండ్ వద్దు. రాయి పొడి చేసి తీసిన ఇసుక కాబట్టి అందులో దుమ్ము వదలదు, పలుకుల అంచులు కూడా పదును.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ట్యాంకులో రెండున్నర అంగుళాల మందం రావాలంటే పదిహేను నుంచి పద్దెనిమిది కిలోల ఇసుక పడుతుంది. వెనకవైపు మూడంగుళాలు, ముందు రెండంగుళాలు ఉండేలా వాలుగా పరిస్తే చూపుకూ బాగుంటుంది.

కడిగిన ఇసుకలో తిండి ఏమీ ఉండదు కదా. దానికి నేను చేసే పని: కుండలు చేసేవాళ్ల దగ్గర గానీ, చేనులో గానీ దొరికే శుభ్రమైన ఎర్రమట్టిని నానబెట్టి, గోళీకాయంత ఉండలు చేసి, నీడలో బాగా ఆరనిస్తాను. మొక్కలు నాటే చోట ఇసుక అడుగున అరచేతి దూరానికి ఒకటి చొప్పున పెడతాను. ఎర్రమట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. గాలి చొరబడని ఇసుక అడుగున ఆ ఇనుము మెల్లగా వేళ్లకు అందే రూపంలోకి మారుతుంది. మడి కట్టిన వరిపొలంలో జరిగేదీ ఇదే. కొనాలనుకుంటే రూట్ ట్యాబ్లు అని మాత్రలు దొరుకుతాయి, అవీ మంచివే, రెండు మూడు నెలలకోసారి పెట్టాలి. ఉండల్లో యూరియా, డీఏపీ, వర్మీకంపోస్టు, పేడ ఎరువు మాత్రం కలపకండి. వాటినుంచి అమ్మోనియా వస్తుంది, పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో అదే అమ్మోనియా చేపలకు మరింత విషమవుతుంది. మన నీళ్ల గుణం మొక్కకు ఎంత మేలో ఇక్కడ అంత కీడు.

నాటడం

ట్యాంకులో సగం నీళ్లు పోశాక నాటండి, ఆకులు తేలుతూ మీకు అడ్డం రావు. వేళ్లను కత్తెరతో అంగుళంన్నర పొడవుకు కత్తిరించండి. పాత వేళ్లు ఎలాగూ కుళ్లిపోతాయి, కత్తిరించిన చోటినుంచి కొత్తవి త్వరగా వస్తాయి. చూపుడువేలితో గుంట చేసి, మొక్కను కావాల్సినదానికంటే లోతుగా దించి, ఇసుక సర్ది, తర్వాత మొక్కను మెల్లగా పైకి లాగండి. మొవ్వు దగ్గరి తెల్లటి భాగం ఇసుకపైన కనపడగానే ఆపేయాలి. ఇలా లాగడంవల్ల వేళ్లు కిందివైపు తిన్నగా సర్దుకుంటాయి.

ఈ మొక్క చచ్చిపోవడానికి ఎక్కువగా కారణమయ్యే పొరపాటు ఒక్కటే, మొవ్వును పూడ్చేయడం. అరటి పిలకను మరీ లోతుగా పాతితే ఏమవుతుందో తెలుసు కదా, ఇదీ అంతే. తేలిపోతుందేమో అన్న భయంతో ఇసుక ఎగదోసేస్తాం. తేలితే తేలనివ్వండి, మర్నాడు మళ్లీ నాటొచ్చు. పూడిపోయి కుళ్లిన మొవ్వుకు మాత్రం వైద్యం లేదు. మొక్కకూ మొక్కకూ రెండంగుళాలు వదలండి, ట్యాంకు వెనక గోడ వెంట వరుసగా, వీలైతే ఫిల్టర్ నీళ్లు సూటిగా తగలని చోట.

మూన తిరిగేదాకా

నాటిన నాలుగో రోజుకో వారానికో ఆకులు పాలిపోయి, గాజులా పారదర్శకమై, జావగా కరిగిపోవడం మొదలవుతుంది. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి మొక్క పీకి పారేస్తారు, లేదా మందేదో తెచ్చి పోస్తారు. ఏమీ చేయకండి. వరినారు పీకి నాటాక వారం పదిరోజులు పసుపెక్కి వాలిపోయి, ఆనక మూన తిరగదా? ఇదీ ఆ బాపతే. పాత నీళ్లలో పెరిగిన ఆకులు మీ నీళ్లకు పనికిరావు, మొక్క వాటిని వదిలేసి, మీ నీళ్లకు తగిన ఆకులు కొత్తగా వేస్తుంది. కరిగిన ఆకుల్ని మాత్రం మొదలుకంటా కత్తిరించి బయటపడేయండి, లేకపోతే నీళ్లు చెడతాయి. మొవ్వు గట్టిగా ఉన్నంతకాలం మొక్క బతికున్నట్టే. మూడో వారంలో మధ్యలోంచి అగ్గిపుల్లంత లేతాకు వస్తుంది. అది కనపడ్డ రోజు నుంచి ఇక వెనక్కి చూడక్కర్లేదు.

ఈ మూడు వారాలూ లైటు రోజుకు ఆరు గంటలు మించనివ్వకండి. ఆకులు లేని మొక్క వెలుగును వాడుకోలేదు, ఆ వెలుగంతా పాచికి పోతుంది. కొత్తాకులు నాలుగైదు వచ్చాక ఏడెనిమిది గంటలకు పెంచవచ్చు. రెండడుగుల ట్యాంకుకు మామూలు తెల్ల ఎల్‌ఈడీ పట్టీ పది పన్నెండు వాట్లది చాలు, ఖరీదైన ప్లాంట్ లైటు ఈ మొక్కకు దండగ. లైటు వేయడం, ఆపడం మరిచిపోతుంటే టైమర్ ప్లగ్గు పెట్టుకోండి. కిటికీ ఎండ తగిలే చోట ట్యాంకు పెట్టకండి, పచ్చటి నీళ్లు తప్ప ఏమీ మిగలదు.

తిండి, విషం

ట్యాంకులో చేపలుంటే నత్రజనికి విడిగా ఏర్పాటు అక్కర్లేదు, చేపల రెట్టే ఎరువు. తక్కువైంది ఏదో ఆకే చెబుతుంది. ముదురాకులు ముందు పసుపెక్కితే నత్రజని తక్కువ: చేపలు మరీ తక్కువగా ఉన్నాయన్నమాట. లేతాకులు పాలిపోయి పసుపుగా వస్తే ఇనుము అందడం లేదు, ఇంకో ఎర్రమట్టి ఉండో రూట్ ట్యాబో వేళ్ల దగ్గర గుచ్చండి. ముదురాకుల మీద సూదితో పొడిచినట్టు చిల్లులు పడితే పొటాషియం తక్కువ. దానికి అక్వేరియం పొటాషియం ద్రవం సీసామీద రాసిన మోతాదులో సగం వేసి చూడండి. ఇనుమును ద్రవంగా నీళ్లలో పోయడం మన బోరు నీళ్లలో అంత కలిసిరాదు. ఇనుము నీళ్లలో కరిగి నిలిచేలా ఈడీటీఏ, డీటీపీఏ లాంటి రసాయనాలతో కలిపి అమ్ముతారు. మామూలు ఈడీటీఏ ఇనుము ఈ పీహెచ్ దగ్గర ఎక్కువసేపు నిలవదు, మొక్కకు అందకముందే తుప్పులా విడిపోతుంది. పోయక తప్పదనుకుంటే డీటీపీఏ రకం తీసుకోండి.

ఇక విషం సంగతి. లిక్విడ్ కార్బన్ అని సీసాల్లో అమ్మేది చాలావరకు గ్లూటరాల్డిహైడ్. ఆసుపత్రుల్లో పరికరాలు శుభ్రం చేయడానికి వాడే రసాయనం అది. చాలా మొక్కలు కొద్ది మోతాదులో తట్టుకుంటాయి, పాచి చస్తుంది, అందుకే అమ్ముడవుతుంది. వాలిస్నేరియా మాత్రం దానికి కరిగిపోతుంది. మా ట్యాంకులో ఏడాదిపాటు పెంచిన పొద ఈ సీసా వల్లే నాలుగు రోజుల్లో మొదళ్లు మాత్రం మిగిలేలా అయింది. మొక్కలకు బలమని షాపతను చెప్పాడు, నేనూ చదవకుండా పోశాను. మీరు ఏ సీసా కొన్నా వెనక చీటీ చదవండి, ఆ పేరుంటే వదిలేయండి.

నీళ్లు మార్చడం

వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే చాలు. నేరుగా బోరు నీళ్లు పోయవచ్చు. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి బకెట్లో రాత్రంతా తెరిచి ఉంచండి, తొందరైతే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఒక్క విషయం కనుక్కోవాలి. మీ బిల్డింగులో వాటర్ సాఫ్ట్‌నర్ ఉందా? అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లాగేసి బదులుగా సోడియం వదులుతుంది. టీడీఎస్ మీటరులో (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి కొలిచేది) అంకె పెద్దగా మారదు కాబట్టి తేడా పోల్చుకోలేరు. గీజర్‌కు అది మంచిదే, మొక్కకు మాత్రం కాల్షియం కావాలి. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి ఎక్కడుందో వాచ్‌మన్‌ను అడిగితే చూపిస్తాడు. ఆర్వో నీళ్లు ఒక్కటే పోయడం కూడా ఇలాంటి తప్పే, వాటిలో ఈ మొక్క తినేదే ఉండదు. తీరప్రాంతాల్లో బోరు బాగా ఉప్పగా ఉంటే మటుకు కొంత ఆర్వో కలపడం సమంజసం. వేసవిలో బోరు ఎండి ట్యాంకర్ నీళ్లు మొదలైనప్పుడు జాగ్రత్త. ఒక్కో ట్యాంకరు ఒక్కో బోరుది. ఒకేసారి ఎక్కువ మారిస్తే ఆకులు మళ్లీ కరుగుతాయి, అలాంటి నెలల్లో పదో వంతు మార్చి ఊరుకోండి.

సాయంత్రానికి ట్యాంకు పీహెచ్ 8.5 దాటితే కంగారు పడకండి. పగలంతా మొక్కలు కార్బన్ లాక్కోవడం వల్ల పెరుగుతుంది, రాత్రికి తగ్గుతుంది. ఈ నీళ్లలో హాయిగా ఉండే చేపలు గప్పీలు, మాలీలు, ప్లాటీలు. మాలీలైతే ఆకుల మీది పాచిని గీకి తింటూ మీకు సగం పని తగ్గిస్తాయి. గోల్డ్‌ఫిష్ పెట్టకండి, లేతాకు తింటుంది, ఇసుక తవ్వి మొక్కలు పైకి తేలుస్తుంది. సిల్వర్ డాలర్ చేపను పెడితే రెండ్రోజుల్లో పొలం మేసినట్టే.

పిలకలు

రెండు మూడు నెలలకు తల్లి మొక్క మొదట్లోంచి సన్నటి తీగ ఒకటి ఇసుకమీద పాకుతూ బయలుదేరుతుంది. నాలుగంగుళాల దూరంలో ఒక పిలక, దానినుంచి ఇంకో తీగ, ఇంకో పిలక. చూస్తుండగానే రైలుపెట్టెల్లా వరుస కడుతుంది. పిలకకు సొంతంగా నాలుగు ఆకులూ అంగుళం వేళ్లూ వచ్చి మూడంగుళాల ఎత్తు పెరిగేదాకా తీగ కోయకండి. అప్పటిదాకా తల్లే మేపుతుంటుంది. ఆ తర్వాత మధ్యలో కత్తెర వేసి, కావలసిన చోట మార్చి నాటుకోవచ్చు. పొద చిక్కగా కావాలంటే కోయకుండా వదిలేసినా నష్టం లేదు.

అసలు ఇబ్బంది ఏడాది తర్వాత. పిలకలు ట్యాంకు ముందుదాకా వచ్చేస్తాయి. ముందు కొంత ఖాళీ కావాలనుకుంటే మొదట్లోనే నాలుగంగుళాల ఎత్తు గాజుపట్టీని ఇసుకలో నిలబెట్టి గట్టు కట్టుకోండి. గట్టు దాటి వచ్చినదాన్ని వారానికోసారి కోసేయండి. ముదిరిన మొక్కను చేత్తో ఒక్కసారిగా పెరక్కండి. వేళ్లు వలలా అల్లుకుని ఉంటాయి, అడుగున ఉన్న మురికంతా పైకి లేస్తుంది. చుట్టూ ఉన్న తీగలు ముందు కోసి, మొవ్వు దగ్గర పట్టుకుని, అటూ ఇటూ కదుపుతూ మెల్లగా తీయాలి.

పొడవు ఎక్కువైన ఆకును మధ్యలో కత్తిరిస్తే కోసిన చోట గోధుమరంగు తిరిగి, అక్కడినుంచి పాడవుతుంది. ఒక్కోసారి ఆకంతా పోతుంది. అందుకని సగానికి కోయడంకంటే, మరీ పొడవైన రెండు మూడు ఆకుల్ని మొదలుకంటా తీసేయడం నాకు నచ్చిన పద్ధతి. అంచులకు నల్లటి కుచ్చుల్లా పాచి పట్టిన ఆకులకూ ఇదే మందు.

అదృష్టం బాగుంటే పువ్వు కూడా చూస్తారు. దీనిలో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. ఆడ పువ్వు దారంలాంటి కాడ మీద నీటి పైదాకా వచ్చి తెల్లగా, ముత్యమంత విచ్చుకుంటుంది. మగ పువ్వులు అడుగునే తెగి, ఇసుకరేణువుల్లా పైకి తేలి, గాలికి కొట్టుకుపోతూ ఆడ పువ్వు దగ్గరి నీటిగుంటలోకి జారతాయి. పరాగం అందాక ఆడపువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకుని కాయను కిందికి లాక్కుంటుంది. స్పైరాలిస్ అన్న పేరు ఆ చుట్టలవల్లే వచ్చింది. మీ ట్యాంకులో కాయ మాత్రం దాదాపు రాదు. ఒక మొక్కకు పుట్టిన పిలకలన్నీ దాని లింగమే కాబట్టి, ఆడ పొద ఉంటే అన్నీ ఆడవే.

వేసవి

మొక్క 30 డిగ్రీల దాకా బాగానే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకు నీళ్లు 32, 33కు వెళితే పెరుగుదల మందగించి ఆకులు కొంత పసుపెక్కుతాయి. మూత తీసి నీటిమీదికి చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, తరిగిన నీళ్లు రోజూ పోయాలి. ఇక్కడ మాత్రం ఆర్వో నీళ్లు పనికొస్తాయి, ఆవిరైపోయేది నీళ్లే, సున్నం ట్యాంకులోనే మిగులుతుంది కాబట్టి. ఇంకో మాట. పగలు ఆక్సిజన్ ఇచ్చే మొక్కలే రాత్రి దాన్ని వాడుకుంటాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే రాత్రిపూట ఎయిర్ పంప్ నడపండి. కరెంటు కోతలున్న ఊళ్లలో బ్యాటరీతో నడిచే పంపు ఒకటి పక్కన ఉంచుకోవడం మేలు.

ఎక్కువైన మొక్కల్ని దగ్గర్లోని చెరువులోనో కాలువలోనో వదిలేయాలనిపిస్తుంది. షాపు మొక్క ఏ దేశపు రకమో, దాన్ని అంటుకుని ఏ నత్త వచ్చిందో మనకు తెలియదు. గుర్రపు డెక్క మన చెరువుల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం. ఎండలో ఆరేసి పూలకుండీల్లో ఎరువుగా కలిపేయండి, లేదా ఎవరికైనా ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కవరులో నీళ్లు నింపక్కర్లేదు. మొవ్వూ వేళ్లూ తడిపిన న్యూస్‌పేపర్లో చుట్టి, ఆకుల్ని విరగకుండా గుండ్రంగా మడిచి, పాలిథిన్ కవరులో పెట్టి మూతి బిగించండి. నీడపట్టున ఉంటే రెండు రోజులు ఆగుతుంది. విజయవాడ నుంచి బెంగళూరుకు నైట్ బస్సులో ఇలాగే పంపాను, పన్నెండు మొక్కల్లో పదకొండు మూన తిరిగాయి.